మెటల్ రిఫ్ లెక్క తప్పుతుంటే ముందు గిటారు పక్కన పెట్టండి
అమెరికా మెటల్ (హెవీ రాక్) బ్యాండ్ టూల్ 2001 పాట ‘స్కిజం’ మొదలుపెట్టి మధ్యలో దారితప్పే కుర్రోళ్లు మా నెల్లూరులో బాగానే ఉన్నారు. వేళ్లలో స్పీడు లేక కాదబ్బయా, మనసులో నాలుగు లెక్కపెడుతూ ఉంటారు, అదీ సంగతి. ఆ పాట రిఫ్, అంటే గిటారు మీద పదే పదే తిరిగే చిన్న బాణీ, ఎక్కువగా ఐదక్షరాలు, ఏడక్షరాలు మార్చి మార్చి నడుస్తుంది. అంటే మన కర్ణాటక సంగీతంలో ఖండచాపు, మిశ్రచాపు తాళాలు. నోటితో అనండి: తక తకిట, తకిట తకధిమి. ప్రతి ముక్క మొదటి అక్షరానికి తొడమీద ఒక దెబ్బ. నోరు తడబడకుండా నడిచాకే తీగ ముట్టుకోండి, అదీ యూట్యూబ్‌లో స్పీడు 0.75 పెట్టుకుని.

స్వీడన్ బ్యాండ్ మెషుగ్గాది ఇంకో మెలిక. గిటార్లూ, కాలితో కొట్టే కిక్ డ్రమ్మూ బేసి లెక్కలో తిరుగుతుంటే, సింబల్ అనే లోహపు పళ్లెం మీద మామూలు నాలుగే మోగుతుంటుంది. దీనికి కాలు కూడా కావాలి. నోట్లో ‘తకిట తకధిమి’ తిప్పుతూ, నాలుగు అక్షరాలకోసారి కాలు తట్టండి. రెండో తిప్పుకే మొదటి ‘త’ కాలికి అందదు. కంగారుపడి కాలు సర్దుకోవద్దు, అక్కడే అందరూ చెడగొట్టుకునేది. నాలుగు తిప్పులు, అంటే 28 అక్షరాలు అయ్యాక రెండూ వాటంతట అవే కలుస్తాయి. వాళ్ల అసలు పాటల్లో లెక్క ఇంతకంటే పొడుగే, ముందు దీంతో కానివ్వండి.

కావలి ప్యాసింజరులో కూర్చుని కూడా చేసుకోవచ్చు, ఎదుటి సీటాయన వింతగా చూస్తే చూడనీండి. ఇంట్లో మృదంగం నేర్చుకునే పిల్లోడుంటే పక్కన తాళం వేయమనండి. వాడికి మెటల్ పడకపోయినా లెక్క మాత్రం తప్పడు.