బంద్‌లకు, కర్ఫ్యూలకు ఇంటి నిల్వ: బియ్యం కంటే ముందు నీళ్లు చూసుకోండి

బంద్ పిలుపు రాగానే అనంతపురంలో చాలామంది మొదట పరుగెత్తేది బియ్యం అంగడికి. లెక్క తప్పేది అక్కడే. సీమ ఇళ్లలో గింజలు ఎప్పుడూ ఎంతో కొంత ఉంటాయి. ముందు అయిపోయేవి తాగే నీళ్లు, గ్యాస్, బీపీ షుగర్ మాత్రలు, చేతిలో చిల్లర.

2013ను గుర్తు చేసుకోండి. జులై 30న రాష్ట్ర విభజన నిర్ణయం వెలువడింది. ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి ఉద్యోగుల సమ్మె మొదలై రెండు నెలలు సాగింది, ఆర్టీసీ బస్సులు డిపోలు దాటలేదు. అక్టోబరు మొదట్లో కరెంటు ఉద్యోగులు కూడా సమ్మెలోకి రావడంతో కష్టం రూపమే మారిపోయింది. కరెంటు లేకపోతే మోటరు ఆడదు. మోటరు ఆడకపోతే కొళాయి రాదు, సంపులో నీళ్లు పైకెక్కవు, పిండి మర తిరగదు, మిక్సీ తిరగదు, ఫోను చార్జింగు ఉండదు. ఇంటి నిల్వ ఈ గొలుసును చూసి చేసుకోవాలి.

ఎన్ని రోజులకు? తిండి 15 రోజులకు, తాగే నీళ్లు కనీసం 4 రోజులకు, మందులు 30 రోజులకు, గ్యాస్ నిండు సిలిండరు ఒకటి అదనంగా. ఇంతకు మించి అక్కర్లేదు. బంద్‌లు ఎక్కువగా 24, 48, 72 గంటలవి. కర్ఫ్యూ పెట్టినా మధ్యలో రెండు మూడు గంటలు సడలిస్తారు. మూడు నెలల సరుకు తెచ్చి పెడితే సగం పురుగుల పాలవుతుంది.

నీళ్లు

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్లు వేసుకోండి. నలుగురున్న ఇంటికి రోజుకు ఒక 20 లీటర్ల క్యాను. నాలుగు రోజులకు నాలుగు, ఎండాకాలమైతే ఇంకొకటి. సీలు తీయకుండా నీడలో ఉంచి, పదిహేను రోజులకోసారి వాడేసి కొత్తవి పెట్టండి. మేడమీద ఎండలో పెడితే ప్లాస్టిక్ వాసన పట్టి, పాచి కడుతుంది.

గిన్నెలకు, స్నానానికి, మరుగుదొడ్డికి ఎంత పొదుపు చేసినా మనిషికి 30 లీటర్లు కావాలి. 200 లీటర్ల డ్రమ్ములు రెండుంటే నలుగురికి మూడు రోజులు గడుస్తుంది. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు అలిచిన నీళ్లు ఒక బక్కెట్టులో పట్టి మరుగుదొడ్డికి వాడితే నాలుగో రోజు కూడా వస్తుంది.

సంపు నిండుగా ఉందని ధీమాగా ఉండేవాళ్లు ఎక్కువ. కరెంటు లేకపోతే ఆ నీళ్లు చేదుకోవాల్సిందే. అందుకు ఒక స్టీలు బక్కెట్టు, అయిదారు మీటర్ల నైలాను తాడు వేరుగా తీసిపెట్టండి. బాత్రూములో వాడే బక్కెట్టును సంపులోకి దించితే మొత్తం నీళ్లు పాడవుతాయి. ఎంత అడుగంటినా సంపులోకి మనిషి దిగకూడదు. మూసి ఉన్న సంపులో ప్రాణవాయువు తగ్గిపోయి ఉంటుంది, దిగినవాళ్లు నిమిషాల్లో స్పృహ తప్పుతారు, కాపాడబోయిన రెండో మనిషీ పోతాడు. చేదుకున్న వెంటనే మూత వేసి పైన బరువు పెట్టండి, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో.

బంద్‌కు ముందురోజు రాత్రే పైట్యాంకు నింపి, కిందికి దిగే వాల్వు కట్టేసుకోండి. ఏదో ఒక ట్యాపు కారుతూ ఉంటే తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ అవుతుంది.

సంపు నీళ్లు తాగాల్సి వస్తే 1000 లీటర్లకు రెండున్నర గ్రాముల లెక్కన మంచి బ్లీచింగ్ పౌడరు వేయాలి. అంటే 5000 లీటర్ల సంపుకు 12 నుంచి 13 గ్రాములు. పొడిని నేరుగా చల్లొద్దు. మగ్గులో కొంచెం నీళ్లతో ముద్దగా కలిపి, బక్కెట్టు నీళ్లలో పలచన చేసి, పది పదిహేను నిమిషాలు కదపకుండా పెడితే సున్నం అడుక్కు దిగుతుంది. పైతేట మాత్రమే సంపులో పోసి, అర్ధగంట ఆగి వాడండి. మూత తీయగానే ముక్కుకు ఘాటు తగలని పౌడరులో బలం లేనట్టే, అది పారేయండి. విడిగా ఒక క్యానుకైతే 20 లీటర్లకు వేసే క్లోరిన్ బిళ్లలు మందుల షాపులో దొరుకుతాయి. లేదంటే నీళ్లు తెర్ల కాగాక ఒక నిమిషం మరిగించి చల్లార్చండి.

మన జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉంది. దాన్ని కాచినా పోదు, బ్లీచింగ్ వేసినా పోదు. పైగా నీళ్లు మరిగి ఇంకేకొద్దీ ఫ్లోరైడు చిక్కబడుతుంది. రెండు మూడు రోజులు గతిలేక తాగితే ముంచుకొచ్చే ప్రమాదం లేదు కానీ, దాన్నే అలవాటు చేసుకోకూడదు. చిన్నపిల్లలకు మాత్రం క్యాను నీళ్లే మిగిల్చండి.

గ్యాస్

రెండో సిలిండరు లేని కనెక్షనైతే ఇప్పుడే డబుల్ చేయించుకోండి. అద్దె ఇళ్లలో ఉండే పిల్లలకు 5 కేజీల చిన్న సిలిండరు చాలు. ఉన్నదాంట్లో ఎంత మిగిలిందో తెలియాలంటే సిలిండరు పైభాగంలో ఖాళీ బరువు రాసి ఉంటుంది, సుమారు 15, 16 కేజీలు. తూకం వేసి ఆ బరువు తీసేస్తే మిగిలింది గ్యాస్. తూకం లేకపోతే తడిగుడ్డతో సిలిండరును పైనుంచి కిందికి తుడిచి రెండు నిమిషాలు ఆగండి. గ్యాస్ ఉన్నంతమేర తడి నిదానంగా ఆరుతుంది, పైభాగం ముందే ఆరిపోతుంది.

అదనపు సిలిండరు నిలువుగా, గాలి ఆడేచోట, సేఫ్టీ క్యాపు బిగించి పెట్టాలి. మంచం కింద, మూసిన అల్మారాలో వద్దు. బండిలోంచి దింపగానే సీలు, లోపలి రబ్బరు వాషరు చూసుకోండి. వాషరు లేని సిలిండరు కొరత రోజున బయటపడితే మార్చుకునే దారి ఉండదు. లీకైతే ఫోన్ చేయాల్సిన నంబరు 1906.

పెట్రోలు గురించి ఒక్కమాట. ఇంట్లో సీసాల్లో, క్యాన్లలో పెట్టొద్దు. 45 డిగ్రీలకు దగ్గరపడే మన ఎండల్లో మూత సందులోంచి వచ్చే ఆవిరికి పొయ్యి మంట చాలు. బండి ట్యాంకు ఎప్పుడూ సగానికి తగ్గకుండా చూసుకోవడమే సరైన నిల్వ.

గింజలు, పప్పులు

పెద్దవాళ్లకు రోజుకు అన్నం, రొట్టె, సంగటి అన్నీ కలిపి 350 గ్రాముల గింజలు లెక్క. నలుగురికి 15 రోజులకు 21 కేజీలు. బియ్యం 14, జొన్నలు 4, రాగులు 3 కేజీలుగా పంచుకోండి. ఇప్పుడు అంగళ్లలో 26 కేజీల మూటలు వస్తున్నాయి కాబట్టి ఒక మూట విప్పకుండా ఉంటే బియ్యం చింత లేనట్టే. కందిబ్యాళ్లు రెండున్నర కేజీలు, పెసలు ఒక కేజీ, ఉలవలో అలసందలో అర కేజీ. నూనె 2 లీటర్లు, చింతపండు ముప్పావు కేజీ, ఎండు మిరపకాయలు అర కేజీ, ఉప్పు ఒక కేజీ, చక్కెర, బెల్లం కలిపి 2 కేజీలు, టీపొడి 300 గ్రాములు. ఎర్రగడ్డలు 5 కేజీలు, ఉర్లగడ్డలు 4 కేజీలు. ఈ రెండూ ఒకే బుట్టలో వేస్తే తొందరగా మొలకెత్తి కుళ్లుతాయి, వేర్వేరుగా పెట్టండి. ఎర్రగడ్డలు వల సంచిలో వేలాడదీస్తే ఇంకా మంచిది.

బొరుగులు 2 కేజీలు తప్పకుండా పెట్టుకోండి. నానబెట్టి, నీళ్లు పిండేసి తాలింపులో వేస్తే అయిదు నిమిషాల మంటతో ఉగ్గాని. గ్యాస్, నీళ్లు రెండూ పొదుపవుతాయి. ఇడ్లీ పిండి రుబ్బే దారి లేని రోజుల్లో టిఫినుకు ఇదే దిక్కు.

పిండి విషయంలో ముందుచూపు కావాలి. కరెంటు పోతే మర ఆగుతుంది కాబట్టి ముందే ఆడించుకోవాలి, కానీ అన్నిటినీ ఒకేలా కాదు. రాగిపిండి నెలల తరబడి ఉంటుంది. జొన్నపిండి రెండు వారాలు. సద్దపిండిలో కొవ్వు ఎక్కువ, వారం తిరక్కముందే చేదెక్కుతుంది. అందుకే సద్దలు గింజలుగానే ఉంచి, రాగిపిండి, జొన్నపిండి మాత్రం ఆడించి పెట్టండి. కారంపొడి, ధనియాలపొడి, చెనిక్కాయల పొడి కూడా ముందే కొట్టించండి. రోలు, రోకలి మూలన ఉంటే కడిగి బయటికి తీయండి. రోట్లో నూరే ఊరుబిండి పచ్చడికి మిక్సీ అక్కర్లేదు.

నిల్వ చెడేది ఎక్కువగా తేమ వల్ల. కందిబ్యాళ్లు, పెసలు, జొన్నలు ఎండలో పోసి, సాయంత్రం డబ్బాకెత్తేముందు పూర్తిగా చల్లారనివ్వాలి. వేడిమీద మూత వేస్తే లోపల ఆవిరి చెమ్మగా మారి, వారంలో బూజు వాసన వస్తుంది. చేత్తో పట్టుకుంటే గింజ చల్లగా తగలాలి, అప్పుడే మూత. బియ్యం మాత్రం ఎండలో పోయకూడదు, గింజ పగిలి నూకలవుతుంది. నీడలో ఆరబెడితే చాలు. వేపాకు వేసేవాళ్లు నీడన కరకరలాడేలా ఎండబెట్టి వేయండి. పచ్చి ఆకు వేస్తే అది తెచ్చే తేమే పురుగుకు మేలు చేస్తుంది. బ్యాళ్లకు కేజీకి ఒక టీ చెంచా ఆముదం పట్టిస్తే పుచ్చు పురుగు గుడ్లు నిలవవు. మూటను నేలమీద కాకుండా పలకమీద, గోడకు జానెడు దూరంగా పెట్టండి.

గోదాముల్లో వాడే పురుగుమందు బిళ్లలను ఇంట్లో గింజల్లో ఎవరు చెప్పినా వేయొద్దు. వాటినుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు పక్కగదిలో పడుకున్నవాళ్లను కూడా చంపుతుంది.

చెనిక్కాయలు తొక్కతోనే నిల్వ ఉంచండి. ఒలిచిన విత్తనాలు తొందరగా సిక్కు వాసన పడతాయి. ముడుచుకుపోయి, రంగు మారి, చేదు తగిలే విత్తనాలు ఏరి పారేయాలి, వేయించినా వాటిలోని బూజు విషం పోదు. పశువులకు, కోళ్లకు కూడా వేయొద్దు.

కూరగాయలు రాని రోజులకు టమాటా ఒరుగులు, గోరుచిక్కుడు ఒరుగులు పనికొస్తాయి. టమాటాలు అగ్గువగా ఉన్నప్పుడు చక్రాలు కోసి, ఉప్పు, పసుపు పట్టించి, నాలుగు రోజులు ఎండలో ఎండబెడితే గలగలమంటాయి. వంగి విరగకపోతే ఇంకా తడి ఉన్నట్టు.

లీటరు పాలు కావాలంటే 120 నుంచి 130 గ్రాముల పాలపొడి పడుతుంది. డబ్బా పాలు తాగే పసిబిడ్డ ఉంటే లెక్క మరీ జాగ్రత్తగా వేయండి. నాలుగైదు నెలల బిడ్డకు 400 గ్రాముల డబ్బా సుమారు మూడు రోజులే వస్తుంది. 15 రోజులకు అయిదు డబ్బాలు, వాటికి సరిపడా కాచిన నీళ్లు.

మందులు

బీపీ, షుగర్, థైరాయిడ్, ఫిట్స్, గుండె మాత్రలు ఎప్పుడూ నెల రోజులకు ఉండాలి. చివరి షీటు విప్పినరోజే కొత్తవి తెచ్చుకునే అలవాటు చేసుకోండి. ఫిట్స్ మాత్రలు రెండు రోజులు తప్పినా ప్రమాదమే. మందుల చీటీని ఫొటో తీయడంతో పాటు కాగితం కూడా జేబులో ఉంచుకోండి. కర్ఫ్యూలో పోలీసులకు చూపించడానికి కాగితమే పనికొస్తుంది. ఇన్‌హేలరు వాడేవాళ్లకు అదనంగా ఒకటి ఉండాలి.

ఇన్సులిన్ విప్పనిది ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరాదు. కరెంటు పోయిన ఫ్రిజ్ తలుపు తీయకపోతే నాలుగు గంటలపాటు చల్లదనం నిలుస్తుంది. ఆ తర్వాతకు రెండు మట్టికుండలు సిద్ధం చేసుకోండి. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, రెండింటి మధ్య ఇసుక నింపి, ఇసుకను రోజుకు రెండుసార్లు తడపాలి. తడి తగలకుండా ప్లాస్టిక్ డబ్బాలో వేసిన ఇన్సులిన్‌ను చిన్న కుండలో పెట్టి, పైన తడి గుడ్డ కప్పి, నీడలో గాలి తగిలేచోట ఉంచండి. మన పొడిగాలికి ఇది బాగా చల్లబడుతుంది. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం అంతగా పనిచేయదు. వాడుతున్న ఇన్సులిన్ చాలా రకాలు చల్లటి చోట 28 రోజులు ఉంటాయి. మీ రకానికి ఎంతో డబ్బామీద చూసుకోండి.

ఓఆర్‌ఎస్ పొట్లాలు పది పెట్టుకోండి. అయిపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి వేయాలి. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు హాని. డయాలసిస్ ఉన్నవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు పల్లెల్లో ఉంటే బంద్ మొదలయ్యేలోపే ఆసుపత్రికి దగ్గరున్న బంధువుల ఇంటికి చేరుకోవాలి. 108 బండికి బంద్‌లో దారి ఇస్తారు, కానీ రోడ్డుకు అడ్డంగా కొట్టేసిన చెట్లను దాటడానికి దానికీ టైము పడుతుంది.

కరెంటు, డబ్బు

ఇన్వర్టరుకు పెట్టిన 150 ఆంపియర్ అవర్ బ్యాటరీతో మామూలు ఫ్యాన్లు రెండు, ఎల్‌ఈడీ బల్బులు నాలుగు వేస్తే ఆరు గంటల దాకా వస్తుంది. తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే పది పదకొండు గంటలు. రోజుల తరబడి కోత ఉంటే ఫ్యాన్ రాత్రికే ఉంచుకుని, పగలు ఆపేయాలి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు ఇప్పుడే చూసుకోండి. బ్యాటరీ సెల్లుతో నడిచే చిన్న రేడియో ఒకటి ఉంటే నెట్టు ఆపేసినా అనంతపురం, కడప, కర్నూలు ఆకాశవాణి కేంద్రాల వార్తలు వినొచ్చు, వదంతులు నమ్మే అవసరం రాదు.

నెట్టు ఆగితే ఫోన్‌పే పనిచేయదు. 10, 20, 50, 100 నోట్లలో వారం ఖర్చు ఇంట్లో ఉంచండి. 500 నోటు ఇస్తే చిల్లర లేదంటారు. స్టార్ 99 హ్యాష్ నొక్కి నెట్టు లేకుండా డబ్బు పంపే పద్ధతిని కూడా ముందే ఒకసారి వాడి చూసుకోండి. బ్యాంకులో ఇచ్చిన నంబరున్న సిమ్ అదే ఫోనులో ఉండాలి.

పిలుపు వచ్చాక

144 సెక్షన్ అనగానే భయపడొద్దు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో 163 సెక్షన్ వచ్చింది, పేరు మాత్రం జనం నోట అదే. గుంపులు కూడకూడదు, అంగళ్లు సాధారణంగా తెరిచే ఉంటాయి. కర్ఫ్యూ అయితే గడప దాటకూడదు. బంద్‌రోజు పాలు తెల్లవారుజామునే వస్తాయి, అంగళ్ల షట్టర్లు చాలాచోట్ల సాయంత్రానికి లేస్తాయి. చౌకదుకాణం బియ్యం నెల మొదటి రోజుల్లోనే తెచ్చేసుకోండి.

ఇదంతా ఒకేసారి కొనొద్దు. నెలసరుకుతో పాటు వారానికి రెండు మూడు వస్తువులు అదనంగా తెస్తే రెండు నెలల్లో పూర్తవుతుంది, బరువు తెలియదు. పిలుపు వచ్చాక అందరూ ఎగబడితే ధర పెరిగి, రోజుకూలితో కొనుక్కునేవాళ్లకు సరుకు మిగలదు. డబ్బాలమీద తెచ్చిన తేదీ రాసి, పాతది ముందు వాడుతూ కొత్తది వెనక పెట్టండి.

కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో ముందు మందుల షాపు, తర్వాత పాలు, ఆ తర్వాత ఆకుకూరలు, టమాటాలు. ఇంటికొకరే, మందుల చీటీ, ఆధార్ కాగితం జేబులో పెట్టుకుని వెళ్లండి. గడువుకు అర్ధగంట ముందే వెనక్కి తిరగండి.