చలికాలంలో కోనసీమ కాలవ గట్ల మీద సైకిల్ షికారు ఎలా చేయాలి?

కోనసీమ చూడ్డానికి వచ్చేవాళ్లలో చాలామంది కారులోనో బుల్లెట్ మీదో రావులపాలెం మీదుగా దూసుకొచ్చి, దిండిలో ఫొటోలు దిగి, అంతర్వేదిలో సముద్రం చూసి, చీకటి పడేలోగా తిరుగుముఖం పడతారు. అన్నీ చూశాం అంటారు గానీ ఒక్క ఊరి లోపలికీ వెళ్లి ఉండరు. డెల్టా మనసుకి పట్టాలంటే సైకిలెక్కి కాలవ గట్టు పట్టుకుని పోవాలి. అందుకు చలికాలాన్ని మించిన కాలం లేదు.

తుపాన్ల భయం తగ్గాక, డిసెంబరు రెండో వారం నుంచి రథసప్తమి దాకా మంచి రోజులు. ఆ రోజుల్లో ఒక పక్క సార్వా (తొలి పంట) కోతలైపోయిన మోళ్లు, మరో పక్క దాళ్వా (రెండో పంట) నారుమళ్లు కనిపిస్తాయి. సంక్రాంతి దాకా ధనుర్మాసం కాబట్టి ప్రతి వాకిట్లో ముగ్గు, గొబ్బెమ్మలు ఉంటాయి. ముగ్గు రోడ్డు మీదకి వచ్చినా సరే, దాని చుట్టూ తిరిగి వెళ్లండి, మీద నుంచి పోనివ్వకండి. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ సైకిల్ బయటికి తీయొద్దు. పందేల బరుల వైపు పోయే కార్లతో సన్న దారులన్నీ నిండిపోతాయి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాలనుంటే నడిచే వెళ్లండి.

సామాన్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మామూలు సైకిల్ చాలు, గేర్లు అక్కర్లేదు. బెల్లు గట్టిగా మోగాలి, రెండు బ్రేకులూ పడాలి, వెనక ఎర్ర లైటు ఉండాలి. ఒక ట్యూబు, చిన్న పంపు, తువ్వాలు, నీళ్ల సీసా పెట్టుకోండి. ఊళ్లలో సైకిల్ షాపులు ఆలస్యంగా తీస్తారు కాబట్టి పంక్చరుకి వాళ్ల మీద ఆధారపడకండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు మాత్రం పెట్టుకోవద్దు.

ఇక దారి. ఏటిగట్టు, అంటే గోదావరి వరదకట్ట ఎక్కొద్దు, కాలవ గట్టే పట్టుకోండి. ఏటిగట్టు ఎత్తుగా ఉంటుంది, దాని మీద నుంచి గోదావరి కనిపిస్తుంది, నిజమే. కానీ ఇసుక ట్రాక్టర్లు, ఇటుకల లారీలు తిరిగేది దాని మీదే. ఎదురు గాలి కొడితే తలదాచుకోవడానికి చెట్టు కూడా ఉండదు. కాలవ గట్టు మీద కొబ్బరి నీడ, స్నానాల రేవులు, బట్టల రేవులు, అరుగుల మీద మనుషులు. పైగా కాలవ గట్టుకి ఇంకో సుగుణం ఉంది. కాటన్ దొర హయాంలో ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852 నాటికి పూర్తయింది. ఆ ఆనకట్టని ఆధారం చేసుకుని తవ్విన పెద్ద కాలవలు సాగుకే కాదు, పడవలకీ పనికిరావాలని తవ్వారు. పడవ నడవాలంటే నీళ్లు నిదానంగా పారాలి. అందుకని కాలవకి వాలు చాలా తక్కువగా పెట్టి, దిగుడంతా లాకుల దగ్గర, అంటే నీటి మట్టం మార్చి పడవల్ని దాటించే తలుపుల దగ్గర పెట్టారు. పడవలకి తాళ్లు కట్టి మనుషులు లాక్కుంటూ నడిచింది ఈ గట్ల మీదే. మనకి కాలు నొప్పి పుట్టకపోవడానికి కారణం ఆ తక్కువ వాలే.

మొదటిసారి వెళ్లేవాళ్లు ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక నుంచి మొదలుపెట్టి, ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల దాకా వెళ్లి, ర్యాలి చూసి వెనక్కి రండి. ర్యాలి గుళ్లో విగ్రహం ముందు నుంచి కేశవస్వామి, వెనక నుంచి మోహిని. అర్చకులు దీపం పట్టి చూపిస్తారు, తొందరపడకుండా చూడండి. కాకినాడ వైపు నుంచి వచ్చేవాళ్లు కోటిపల్లి రేవులో పంటు ఎక్కి గౌతమి పాయ దాటితే ముక్తేశ్వరంలో దిగుతారు, అక్కడికి అయినవిల్లి వినాయకుడి గుడి దగ్గరే. ఏ దారైనా రోజుకి ముప్పై కిలోమీటర్లు మించొద్దు. అంతకన్నా తొక్కితే అది షికారు కాదు, ప్రయాణం.

గట్టు ఎంచుకోవడంలో ఒక నియమం ఉంది. కాలవ ఎప్పుడూ మీ కుడిచేతి వైపు ఉండాలి. మనం ఎడమ పక్క నడుస్తాం కాబట్టి అప్పుడు మనకీ నీళ్లకీ మధ్య రోడ్డంత ఎడం ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు వంతెన దాటి అవతలి గట్టు పట్టండి. అప్పుడు కూడా కాలవ కుడివైపే వస్తుంది, చూసిన దారే మళ్లీ చూడక్కర్లేదు. చాలాచోట్ల ఒక గట్టు మీద తారు ఉంటే రెండోది మట్టిబాట. చలికాలంలో మట్టిబాట ఎండిపోయి హాయిగా ఉంటుంది.

ధాన్యం పోసిన రోడ్డు దాటడం

అందరూ పాడుచేసేది ఇక్కడే. డిసెంబరులో సగం గట్టు రోడ్లు ధాన్యం కళ్లాలైపోతాయి. పూర్వం చేను కోసి, పనలు ఆరాక కుప్పేసి, తర్వాత ఎప్పుడో నూర్చేవారు. అప్పటికి గింజ ఆరిపోయి ఉండేది. ఇప్పుడు మిషన్ కోస్తూనే నూరుస్తుంది. గింజ పచ్చిగా బయటికొస్తుంది. తేమ 17 శాతం మించితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. చేలో చోటుండదు, ఎండ తగిలే గట్టి నేల తారు రోడ్డే. కాబట్టి రోడ్డు మీద ధాన్యం పోశారేంటని రైతుని విసుక్కోకండి. అది ఆ ఇంటి ఏడాది కష్టం.

ప్రమాదం ఎక్కడుందో చాలామందికి తెలియదు. మందంగా పోసిన చోట భయం తక్కువ. అక్కడ చక్రం దిగబడి ఆగిపోతుంది, మీరు కాలు దింపుతారు. అసలు భయం రాశి అంచు దాటాక, నల్లటి తారు మీద పలచగా చెదిరిన గింజలతో. దూరం నుంచి అక్కడ రోడ్డు ఖాళీగానే కనిపిస్తుంది. చక్రం ఎక్కగానే గింజలు గోలీల్లా దొర్లుతాయి. ఆ క్షణంలో హ్యాండిల్ తిప్పినా, ముందు బ్రేకు పట్టినా సైకిల్ పక్కకి జారి మోకాలు తారుకి గీసుకుంటుంది. గట్టు ఇరుకైతే పడేది కాలవలోనే.

అందుకే ఇలా చేయండి. దూరంగా పసుపు రంగు కనిపించగానే తొక్కడం ఆపి, వెనక బ్రేకుతోనే వేగం తగ్గించండి. వేగం తగ్గించే పని ధాన్యం దగ్గరికి రాకముందే అయిపోవాలి. వదిలిన దారి మనిషి రెండు చేతులూ చాపినంత వెడల్పు ఉంటే హ్యాండిల్ నిటారుగా పట్టుకుని, బ్రేకు ముట్టకుండా మెల్లగా దాటండి. అంతకన్నా సన్నగా ఉంటే దిగి నడిపించుకెళ్లండి. ఆ దారి కాలవ వైపు ఉన్నా దిగాల్సిందే, ఎంత బాగా తొక్కేవాళ్లయినా సరే.

ఎదురుగా బండి వస్తోందేమో ముందే చూసుకోండి. కొబ్బరికాయల లారీ అయినా, స్కూలు ఆటో అయినా అదీ ఆ సన్న దారిలోంచే రావాలి. మీరు మధ్యలో ఉండగా అది వస్తే ఇద్దరిలో ఒకరు ధాన్యం మీదకి పోవాలి, లేదా అంచుకి పోవాలి. కాబట్టి ధాన్యం మొదలయ్యేచోటే ఆగి, దాన్ని రానిచ్చి, తర్వాత మీరు వెళ్లండి. ఆగినప్పుడు కాలు తారు మీదే పెట్టండి. అంచున ఉండేది నల్లమట్టి, మంచుకి తడిసి ఉంటుంది, చెప్పు కింద సర్రున జారుతుంది.

ధాన్యంలో ఆడవాళ్లు పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ అటూ ఇటూ నడుస్తుంటారు. కింది గింజ పైకి రావడానికి అలా తిరగేస్తారు, వాళ్ల వెనక సన్నటి సాళ్లు పడతాయి. ఆ సాళ్ల మీద చక్రం పోనివ్వకండి. బెల్లు కొట్టి, "అమ్మా, ఎటు నుంచి వెళ్లమంటారు?" అని అడగండి. "ఇటంట రండి బాబూ" అని వాళ్లే దారి చూపిస్తారు.

ఇంకో మాట. రాత్రి ధాన్యాన్ని కుప్పచేసి బరకాలు కప్పి, అవి లేచిపోకుండా అంచుల వెంట రాళ్లు, ఇటుకలు పెడతారు. పొద్దున పొగమంచులో అవి కనపడవు. సూర్యోదయం చూడాలని ఐదింటికే బయలుదేరమని చెప్పేవాళ్లుంటారు, వాళ్ల మాట వినకండి. మంచు విడిచాక, ఎనిమిదింటికి బయలుదేరాలి. మంచులో ఎంత మంచి లైటున్నా ఎదర తెల్లటి గోడే కనిపిస్తుంది, ఇటుక కనిపించదు. సాయంత్రం ఐదింటికల్లా ఇంటికి చేరిపోండి, డిసెంబరులో పొద్దు త్వరగా గూకుతుంది.

ఆ తర్వాతంతా సులువే. పాక హోటల్లో పెసరట్టు తినండి. లాకుల దగ్గర కాసేపు కూర్చోండి. దారిలో తేగల కట్టలు అమ్ముతుంటే కొనుక్కోండి, అవి ఈ కాలంలోనే దొరుకుతాయి. తాటి టెంకలో ఉండే బుర్రగుంజు దొరికితే అక్కడే తినేయాలి. ఆత్రేయపురం పూతరేకులు కొనేది మాత్రం వచ్చేటప్పుడే, అదీ క్యారేజీ మీద కట్టకుండా వీపు సంచిలో అన్నిటికన్నా పైన పెట్టుకోండి. గతుకులకి పొడైపోతాయి. దారి తెలియకపోతే ఫోన్ చూడకండి, అది మిమ్మల్ని మెయిన్ రోడ్డు ఎక్కిస్తుంది. కొట్టు దగ్గర ఆగి, "ఎంత దూరం?" అని కాకుండా "గట్టు మీద ధాన్యం పోశారాండీ?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి దారి, అడ్డదారి, వంతెన ఎక్కడుందో అన్నీ చెబుతారు.

ఇంటికొచ్చాక సైకిల్ తిరగేసి వెనక చక్రం ఇరుసు చూడండి. గడ్డిపోచలు చుట్టుకుని ఉంటాయి. చేత్తో లాగితే తెగి లోపలే ఉండిపోతాయి, బ్లేడుతో అడ్డంగా కోసి తీయాలి. చైను గుడ్డతో తుడిచి రెండు చుక్కలు నూనె వేయండి.