సైటులో దెబ్బ తగిలితే: పరిహారం కోసం మొదటి గంట నుంచి చేయాల్సిన పనులు

సెంట్రింగ్ కూలినా, పరంజా మీద నుంచి మనిషి జారినా, పునాది గుంతలో మట్టిపెళ్ల విరిగిపడినా, కాసేపటికే సైటులో ఒక మాట వినిపిస్తుంది: "కేసులెందుకు, మేం చూసుకుంటాం కదా." చాలామంది పరిహారం ఆ మాట దగ్గరే పోతోంది. నిజానికి చట్టం కూలీ పక్షానే ఉంది. బిల్డరు తప్పు చేశాడని రుజువు చేయాల్సిన పని కూడా లేదు. రుజువు కావాల్సినవి మూడే: ఆ మనిషి ఆ సైటులో పనిచేస్తున్నాడని, పని వల్లే, పనిలో ఉండగానే దెబ్బ తగిలిందని, అతని కూలి ఇంతని. ఈ మూడింటికీ సాక్ష్యం మొదటి వారంలో దొరికినంత సులువుగా తర్వాత దొరకదు.

ముందు మనిషిని కాపాడుకోవాలి. 108కి ఫోన్ చేయండి. ఎత్తు నుంచి పడినవాణ్ణి తలో చెయ్యీ పట్టి లేపి ఆటోలో కూర్చోబెట్టకండి. వెన్నుపూస విరిగి ఉంటే ఆ లేపడంలోనే కాళ్లు శాశ్వతంగా చచ్చుబడవచ్చు. అంబులెన్సు వచ్చేదాకా తల, మెడ కదలకుండా పట్టుకోండి. తప్పక కదిలించాల్సి వస్తే నలుగురూ కలిసి ఒంటిని ఒకే వరుసలో ఉంచి సెంట్రింగ్ ప్లైవుడ్ షీటు మీదికి జరపండి. కరెంటు షాకైతే మెయిన్ ఆపకుండా ముట్టుకోవద్దు. మట్టి కింద కూరుకుపోయినవాడి దగ్గర జేసీబీ బకెట్ పెట్టొద్దు. మిగిలిన మట్టి కూలకుండా చూసుకుని, ముఖం, ఛాతీ వైపు నుంచి చేతులతోనే మట్టి తీయాలి.

ఆసుపత్రిలో "దెబ్బ ఎలా తగిలింది?" అని రాసుకునే నిమిషం చాలా కీలకం. బిల్డరు మనిషి పక్కనే ఉండి "బండి మీద నుంచి పడ్డాడు" అని చెప్పేస్తే, రేపు ఆ కేస్ షీటే మీకు ఎదురు సాక్ష్యమవుతుంది. ఫలానా సైటులో, ఫలానా పని చేస్తూ పడ్డాడని ఇంటివాళ్లో తోటి కూలీయో చెప్పాలి. మెడికో లీగల్ కేసుగా, అంటే ఆసుపత్రి పోలీసులకు తెలియజేసే కేసుగా, నమోదు చేయమని అడగాలి. రాసింది ఒకసారి చదివించుకోండి. మందుల చీటీ నుంచి స్కానింగ్ రసీదు వరకు ఏదీ పారేయొద్దు. వైద్యానికి అయిన అసలు ఖర్చు యజమాని విడిగా చెల్లించాలి, అది పరిహారంలో భాగం కాదు.

పోలీసు ఫిర్యాదులో సైటు చిరునామా, బిల్డరు, కాంట్రాక్టరు, మేస్త్రీ పేర్లు, ప్రమాదం జరిగిన టైము ఉండాలి. నిర్లక్ష్యం వల్ల మరణానికి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 106, గాయాలకు 125, కట్టడం పనిలో నిర్లక్ష్యానికి 290 ఉన్నాయి. ఫిర్యాదుదారుకు ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. మరణం జరిగితే పోస్టుమార్టం వద్దనకండి. శవ పంచనామాలో పని స్థలం పేరు పడేలా దగ్గరుండి చెప్పండి.

ఇక సైటు సాక్ష్యం. పరంజా విప్పేయక ముందు, కూలిన చోటు శుభ్రం చేయక ముందు ఫొటోలు తీయండి. ఒక ఫొటోలో సైటు ముందున్న బోర్డు, దాని మీది పర్మిట్ నంబరు, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు కనిపించాలి. హాజరు పుస్తకం పేజీ, గేటు రిజిస్టరు, మేస్త్రీ ఫోన్‌పే చేసిన వారం కూలీ, "రేపు ఫలానా సైటుకి రా" అన్న వాట్సాప్ మెసేజీ, అన్నీ పనికొస్తాయి. అందరికన్నా ముఖ్యం తోటి కూలీలు. పాలమూరు గుంపు కావచ్చు, శ్రీకాకుళం, ఒడిశా, బిహార్ వాళ్లు కావచ్చు, ప్రమాదం జరిగిన వారానికే వేరే సైటుకో సొంతూరికో వెళ్లిపోతారు. కనీసం ఇద్దరి ఊరు, ఫోన్ నంబరు అప్పుడే రాసుకోండి.

"వాడు మా మనిషి కాదు, మేస్త్రీ మనిషి" అనేది బిల్డర్లు ఎప్పుడూ చెప్పే మాట. అది చెల్లదు. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకిచ్చి, తన అధీనంలోని చోట చేయించుకునే వ్యక్తి పరిహారం ఇవ్వాల్సిందే. ఆ తర్వాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవడం అతని పని. అందుకే దరఖాస్తులో మేస్త్రీని ఒక్కణ్ణే కాక కాంట్రాక్టరును, బిల్డరును, పాలసీ ఉంటే బీమా కంపెనీని కూడా చేర్చాలి. హెల్మెట్, బెల్టు పెట్టుకోలేదన్న వాదన మరణానికీ, శాశ్వతంగా పూర్తిగా పనిచేయలేని స్థితికీ అడ్డు రాదు.

లెక్క ఎలా కడతారో తెలుసుకుంటే మోసపోరు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం మరణానికి నెల కూలిలో 50 శాతాన్ని, శాశ్వత పూర్తి వైకల్యానికి 60 శాతాన్ని వయసును బట్టి ఉండే అంకెతో గుణిస్తారు. ఆ అంకె 20 ఏళ్లకు 224.00, 30కి 207.98, 40కి 184.17, 50కి 153.09. కూలి ఎంతున్నా నెలకు 15,000 వరకే లెక్కలోకి తీసుకునేలా 2020 జనవరి 3 నుంచి పరిమితి ఉంది. ఆ పరిమితితో 30 ఏళ్ల తాపీ మేస్త్రీ చనిపోతే 7,500 × 207.98, అంటే 15,59,850 రూపాయలు. పూర్తిగా పనికి దూరమైతే 18,71,820. నెలకు 26 రోజులు లెక్కేసినా రోజుకు 580 కూలి రుజువైతే పరిమితి అందుతుంది. యజమాని "రోజుకు 300 ఇచ్చేవాణ్ణి" అంటే పరిహారం దాదాపు సగానికి పడిపోతుంది. కూలి రుజువు మీద ఇంత పట్టు అందుకే.

ఒంట్లో కొంత భాగమే పోతే, చట్టంలోని పట్టిక ప్రకారం సంపాదించే శక్తిలో నష్టం చేతి బొటనవేలికి 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లకు 50 శాతం. పట్టికలో లేని గాయాలకు డాక్టరు శాతం చెప్పాలి. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వమిచ్చే వైకల్య ధ్రువపత్రం) చెప్పేది ఒంటికి కలిగిన వైకల్యం. పరిహారానికి కావాల్సింది సంపాదించే శక్తి ఎంత పోయిందన్నది. నడుం వంగని రాడ్ బెండరుకు వైకల్యం 40 శాతమే కావచ్చు, ఆ పనికి మాత్రం అతను పూర్తిగా దూరమైనట్టే. ఒరిస్సాలో సినిమా హాలు పనిలో పడి ఎడమ చేయి పోగొట్టుకున్న వడ్రంగి కేసులో, ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కాబట్టి నష్టం నూరు శాతమని సుప్రీంకోర్టు 1975లోనే తేల్చింది. "ఈ గాయంతో ఇతను తన పని చేయగలడా?" అన్న ప్రశ్నకు జవాబు సర్టిఫికెట్‌లో రాయమని డాక్టరును అడగండి. కొంతకాలం మంచాన పడి కోలుకునేవాళ్లకు ప్రతి 15 రోజులకూ నెల కూలిలో 25 శాతం ఇవ్వాలి, గరిష్ఠంగా ఐదేళ్లు.

తెల్ల కాగితం మీద గానీ, "లక్ష ముట్టింది, ఇక క్లెయిమ్ లేదు" అన్న స్టాంపు కాగితం మీద గానీ సంతకం, వేలిముద్ర వేయొద్దు. చట్టమిచ్చిన హక్కును వదులుకునే ఒప్పందం చెల్లదు. మరణం జరిగితే పరిహారం సొమ్ము లేబర్ ఆఫీసులోని పరిహార కమిషనర్ దగ్గర జమ కావాలి. నేరుగా కుటుంబం చేతిలో పెట్టింది పరిహారంగా లెక్కకు రాదు, మూడు నెలల కూలికి మించని అడ్వాన్సును మాత్రమే మినహాయిస్తారు. ఇప్పటికే వేలిముద్ర వేసేసినా ఆశ వదులుకోకండి, కేసు వేయండి.

దరఖాస్తు లేబర్ ఆఫీసులో. సహాయ కార్మిక కమిషనర్ గానీ డిప్యూటీ కమిషనర్ గానీ పరిహార కమిషనర్‌గా విచారిస్తారు. ప్రమాదం జరిగిన చోటే కాక, మీరు ఉండే ఊరి పరిధిలోనూ వేయొచ్చు. ముంబైలో పడినవాడు మహబూబ్‌నగర్‌లో వేయొచ్చు. ముందుగా యజమానికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి రసీదు ఉంచుకోండి. రెండేళ్లు దాటనివ్వకండి. ఆధార్, ఆసుపత్రి కాగితాలు, ఎఫ్ఐఆర్, కూలి రుజువు, వయసు రుజువు జతచేయండి. వయసును బట్టి గుణించే అంకె మారుతుంది కాబట్టి ఆధార్‌లో తప్పుంటే స్కూలు సర్టిఫికెట్ తెండి. లాయరు కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, ఫోన్ 15100. ప్రమాదం జరిగిన నెల రోజుల్లోగా చెల్లించని యజమానిపై 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుంటే 50 శాతం వరకు జరిమానా పడతాయి. పైన చెప్పిన 15,59,850 మీద ఏడాది వడ్డీయే 1,87,182.

2025 నవంబరు 21 నుంచి పైన చెప్పిన 1923 చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. అందులోని 7వ అధ్యాయం ఈ హక్కులనే కొనసాగిస్తోంది. ఇంటి నుంచి పనికి వెళ్తూ వస్తూ జరిగే ప్రమాదాలను, పనితో సంబంధం తేలితే, అది కలుపుకుంది. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదానికి పాత చట్టమే ఆధారం.

ఇవి కాక మరికొన్ని చూడాలి. ఈఎస్ఐలో (ఉద్యోగుల రాజ్య బీమా) పేరుంటే పరిహారం అక్కడే తీసుకోవాలి, రెండు చోట్లా కుదరదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డుంటే బోర్డు సాయం వేరుగా వస్తుంది, అది వచ్చిందని యజమాని తన పరిహారం తగ్గించుకోలేడు. పాస్‌బుక్‌లో ఏటా 20 రూపాయలు కోత పడుతోందా చూడండి. అది ప్రధానమంత్రి సురక్షా బీమా అయితే ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి, బ్యాంకులో ఆలస్యం చేయకుండా అడగాలి. తీర్పు వచ్చాక హైకోర్టుకు వెళ్లాలంటే యజమాని ముందు మొత్తం సొమ్ము జమ చేయాలి. కట్టకుంటే భూమి శిస్తు బకాయిలా వసూలు చేయమని కమిషనర్‌కు దరఖాస్తు పెట్టండి.