ఫిల్మ్ బరువెక్కింది, అయాన్లు మాత్రం పట్టడం లేదు

పాలిథిలీన్ ఫిల్మ్‌కు గామా కిరణాలో ఎలక్ట్రాన్ బీమో తగిలించి ఆక్రిలిక్ ఆమ్లం ద్రావణంలో వేస్తే, దాని మీద కొత్త పాలిమర్ గొలుసులు మొలుస్తాయి (దీన్నే గ్రాఫ్టింగ్ అంటారు). వాటికుండే కార్బాక్సిల్ సమూహాలే అయాన్లను మార్చుకుంటాయి. పని ఎక్కడ చెడుతుందో చూద్దాం.

బరువు అసలు పెరగలేదు

ముందు ఆక్సిజన్‌ను అనుమానించండి. మోనోమర్ (గొలుసుగా మారాల్సిన ఆక్రిలిక్ ఆమ్లం) కంటే ముందే అది రాడికల్స్‌ను, అంటే రేడియేషన్ వల్ల ఫిల్మ్‌లో పుట్టి గొలుసులు మొలిపించే చురుకైన చోట్లను, పట్టేసుకుంటుంది. ద్రావణంలోకి అరగంట నైట్రోజన్ పంపి, సీసా గట్టిగా మూయండి. ఫిల్మ్‌కు ముందే రేడియేషన్ ఇచ్చి ఉంటే, గది వేడిలో ఉంచినకొద్దీ రాడికల్స్ చచ్చిపోతాయి. వెంటనే వాడలేకపోతే డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి.

ద్రావణం జెల్లీలా గడ్డకట్టింది

సీసా తిరగేసినా జారదు, ఫిల్మ్ అందులో ఇరుక్కుపోతుంది. మోనోమర్ ఫిల్మ్‌ను వదిలేసి తనలో తానే పాలిమర్ అయిపోయిందన్నమాట. కొద్దిగా మోర్ లవణం (ఇనుముండే ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్) కలిపితే అదుపులో ఉంటుంది. చెయ్యి జారి ఎక్కువ పడితే గ్రాఫ్టింగ్ కూడా ఆగుతుంది.

బరువు బాగుంది, కెపాసిటీ లేదు

అసలు తలనొప్పి ఇదే. 2 గ్రాముల ఫిల్మ్ 3 గ్రాములైతే గ్రాఫ్టింగ్ 50 శాతం. ఆక్రిలిక్ ఆమ్లం అణుభారం 72 కాబట్టి, గ్రాఫ్ట్ అయిన ఫిల్మ్ గ్రాముకు కెపాసిటీ, అంటే అయాన్లను పట్టే స్థానాల లెక్క, సుమారు 4.6 మిల్లీఈక్వివలెంట్లు రావాలి. అందులో సగం కూడా రాకపోతే మూడు చోట్ల వెతకండి.

మొదటిది, ఫిల్మ్‌కు అతుక్కున్న విడి పాలిమర్. తూకంలో అదీ కలిసిపోతుంది. బరువు ఇక తగ్గదు అనేదాకా వేడినీళ్లలో కడిగి, ఆరబెట్టి, మళ్లీ తూచండి.

రెండోది టైట్రేషన్. సల్ఫోనిక్ రకానికి (బలమైన ఆమ్ల సమూహాలున్న ఫిల్మ్‌కు) చేసినట్టు ఉప్పునీళ్లలో నానబెట్టి వచ్చిన ఆమ్లాన్ని కొలిస్తే, కార్బాక్సిల్ తన హైడ్రోజన్‌ను అంత తేలిగ్గా వదలదు. ఫిల్మ్ మంచిదే, లెక్కే తప్పు. కొలిచిన సోడియం హైడ్రాక్సైడ్ ఎక్కువగానే పోసి, రాత్రంతా ఉంచి, మిగిలిన క్షారాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేట్ చేయండి.

మూడోది మనం చేసుకున్నదే. మోర్ లవణంలోని ఇనుము కార్బాక్సిల్ స్థానాల్లో కూర్చుంటుంది. ఫిల్మ్ పసుపుగా, తుప్పు రంగులో కనిపిస్తే అదే కారణం. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెట్టి, నీళ్లలో ఆమ్లం జాడ పోయేదాకా కడగండి.

వంచితే విరుగుతోంది

పాలీప్రొపిలీన్‌లోనూ, మరీ ముఖ్యంగా టెఫ్లాన్‌లోనూ, రేడియేషన్‌కు గొలుసులు తెగిపోతాయి. డోసు తగ్గించండి, లేదా పాలిథిలీన్‌కు మారండి.

అంచులు ఉబ్బాయి, మధ్యలో ఏమీ లేదు

గ్రాఫ్టింగ్ పైనుంచి లోపలికి పాకుతుంది. మొదట మొలిచిన పొర ఉబ్బితేనే మోనోమర్‌కు లోపలికి దారి దొరుకుతుంది. ఒక ముక్కను మిథిలీన్ బ్లూలో ముంచి, కడిగి, బ్లేడుతో అడ్డంగా కోసి మైక్రోస్కోప్ కింద చూడండి. రెండు నీలం గీతల మధ్య తెల్లటి పట్టీ కనిపిస్తే లోపలికి చేరలేదన్నట్టే. ఇంకొన్ని గంటలు ఉంచి, మళ్లీ ఒక ముక్క కోసి చూడండి.