తుఫాను సంచిలో ఏమేం సర్దుకోవాలి?

బంగాళాఖాతంలో తుఫాన్లు ఎక్కువగా పుట్టే అక్టోబరు, నవంబరు నెలలకు ముందే కోస్తాలో ప్రతి మనిషికీ ఒక సంచి సిద్ధంగా ఉండాలి. ఇల్లు విడిచి పునరావాస కేంద్రానికి వెళ్లవలసి వచ్చినా, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో జరిగినట్టు మేడ మీదే చిక్కుకుపోయినా, సాయం అందేదాకా ఆ సంచే ఆధారం. ఆన్‌లైన్‌లో దొరికే రెడీమేడ్ కిట్లలోని గాలాలూ చెకుముకి రాళ్లూ అడవిలో పనికొస్తాయేమో గానీ మన వరదలో అక్కరకు రావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకిన తర్వాత మాకు కరువైనవి కరెంటు, ఫోను సిగ్నలు, తాగునీరు, చేతిలో డబ్బు. ముందుగా ఏవి ఆగిపోతాయో చూసుకుని, వాటి కోసమే సంచి సర్దుకోవాలి.

సంచి రెండు భుజాలకూ తగిలించుకునేదై ఉండాలి. మోకాలి లోతు నీళ్లలో నడిచేటప్పుడు ఒక చేత్తో పిల్లనో పెద్దవారినో పట్టుకుని, రెండో చేతిలోని కర్రతో దారిలో గుంట ఉందో, మూత లేని కాలువ ఉందో తడుముకుంటూ పోవాలి కాబట్టి చేతులు ఖాళీగా లేకపోతే ప్రమాదమే. సంచి లోపల మందపాటి ప్లాస్టిక్ కవరు పరిచి, సామాను సర్దాక దాని మూతిని మెలిపెట్టి, మడిచి, గట్టిగా కట్టాలి. తర్వాత భుజాన వేసుకుని మెట్లు ఎక్కి దిగి చూడండి. ఆయాసం వస్తే ఏదో ఒకటి తీసేయక తప్పదు.

బరువంతా నీళ్లదే. మనిషికి రోజుకు 3 లీటర్ల చొప్పున నలుగురికి మూడు రోజులకు 36 లీటర్లు, అంటే 36 కిలోలు కావాలి. అంత మోయలేం కనుక, ఆ నీటిని మూత ఉన్న డబ్బాల్లో నింపి ఇంట్లోనే వీలైనంత ఎత్తున ఉంచి, సంచిలో మాత్రం మనిషికి రెండు లీటర్లు, ఒక ఖాళీ సీసా, క్లోరిన్ మాత్రలు, ఒక పటిక ముక్క పెట్టుకోవాలి. బురద నీటిలో క్లోరిన్ సరిగా పనిచేయదు. ముందు పటిక తిప్పి, మట్టి అడుగుకు దిగాక పైతేటను నాలుగు మడతల నూలుగుడ్డలో వడకట్టి, అప్పుడు మాత్ర వేయాలి. మాత్రల మోతాదులు వేరువేరుగా ఉంటాయి గనుక ఎన్ని లీటర్లకు ఒకటో, ఎంతసేపు ఆగాలో స్ట్రిప్ మీద చూసి పాటించాలి. పొయ్యి ఉంటే నీళ్లు తెర్లిన తర్వాత ఒక నిమిషం మరగనిస్తే చాలు. పురుగుమందు గానీ డీజిల్ గానీ కలిసిన నీటిని ఈ పద్ధతులేవీ బాగుచేయలేవు, దాన్ని తాగకూడదు.

తిండికి పొయ్యి అక్కరలేనివే ఎంచుకోవాలి: అటుకులు, బెల్లం, వేరుశనగ ఉండలు, ఖర్జూరాలు.

మందుల విషయంలో బేరం లేదు. బీపీ, షుగరు, థైరాయిడ్, ఫిట్స్ మాత్రలు కనీసం వారానికి సరిపడా, ప్రిస్క్రిప్షన్ నకలుతో సహా ఉండాలి. వాటితోపాటు పారాసెటమాల్, గాయాలకు పొవిడోన్ అయోడిన్, కట్టుగుడ్డ, శానిటరీ న్యాప్‌కిన్లు, ఓఆర్ఎస్ పెట్టుకోవాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద లీటరుకని రాసి ఉంటే మొత్తం పొడినీ లీటరు నీటిలోనే కలపాలి; గ్లాసుకు ఇంతని అంచనాగా వేసుకుంటే పాళ్లు తప్పుతాయి.

హుద్‌హుద్ రాత్రి మా ఇంట్లో గోడకు వేలాడుతున్న టార్చి తీసి మీట నొక్కితే వెలగలేదు. విప్పి చూస్తే బ్యాటరీలు కారిపోయి, స్ప్రింగుకు తెల్లటి పొడి పేరుకుపోయి ఉంది. అందుకే ఇప్పుడు తలకు కట్టుకునే లైటు ఒకచోట, బ్యాటరీలు విడిగా చిన్న కవరులో ఒకచోట పెడుతున్నాను. పవర్‌ బ్యాంకు వాడకపోయినా ఛార్జింగు నెమ్మదిగా తగ్గుతుంది కాబట్టి హెచ్చరిక రాగానే మళ్లీ నింపాలి. ఫోను ఆగిపోయినా ఉపయోగపడేలా అయినవాళ్ల నంబర్లనూ, 112, 108, కంట్రోల్‌ రూముల 1070, 1077 నంబర్లనూ కాగితం మీద రాసుకోవాలి. మేడ మీద నుంచి పడవవాళ్లను పిలవడానికి గొంతు కంటే ఈల నయం, దాన్ని జిప్పుకే కట్టండి. వార్తలకు బ్యాటరీతో నడిచే చిన్న రేడియో చాలు.

డబ్బు పది, ఇరవై, యాభై, వంద నోట్లుగా ఉండాలి. ఐదు వందల నోటుకు ఆ రోజుల్లో చిల్లర పుట్టదు. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాస్‌బుక్, బీమా కాగితాల నకళ్లను జిప్ కవరులో పెట్టి, ఫొటోలు వేరే ఊళ్లో ఉన్న బంధువులకు పంపి ఉంచాలి. ఒక జత బట్టలు, దుప్పటి, తువ్వాలు సరిపోతాయి.

సంచిని అటక మీద కాకుండా వీధి తలుపు పక్కన మేకుకు తగిలించి, మార్చి చివర ఒకసారి, సెప్టెంబరు చివర ఒకసారి విప్పి, గడువు తీరిన మందులూ తిండీ మార్చాలి. ఇన్సులిన్, కళ్లజోడు, వినికిడి యంత్రం వంటివి ముందుగా సర్దలేం కదా. అవి మరిచిపోకుండా పెద్ద అక్షరాలతో ఒక చీటీ రాసి సంచి పట్టీకి కట్టండి.