కంప్యూటర్ సాక్ష్యం చదవడం నేర్చుకుందాం – 3వ భాగం: ఆ టైమ్ ఏ గడియారానిది?

పోయిన భాగంలో హ్యాష్ విలువ, అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటి సంఖ్య, చూశాం. సీజ్ చేశాక కాపీలో అక్షరం మారలేదని మాత్రమే అది చెప్తుంది, లోపల ఉన్నదానికి అర్థం మనమే తేల్చుకోవాలి. ఈసారి టైమ్ సంగతి.

హన్మకొండ నయీంనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్, ఆఫీస్ కంప్యూటర్ నుంచి ప్రశ్నపత్రం బయటికి పోయిందని కేసు అనుకుందాం. రిపోర్టులో ఒక వరుస ఉంది: డిస్క్‌లో ఆ ఫైల్ కాపీ తయారైంది మార్చి 18, 19:10కి. సాయంత్రం ఏడు దాటాక సీట్లో ఉన్నది క్లర్కే కదా, ఇంకేం కావాలి అంటారు అందరూ. మీరు ముందు టైమ్ జోన్ అడగండి. విండోస్ డిస్క్‌లో ఫైళ్లు దాచడానికి సాధారణంగా ఉండే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి టైమ్‌ని యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో దాస్తుంది, మన టైమ్ దానికంటే ముందుంటుంది, రిపోర్టు దాన్నలాగే అచ్చేసి ఉంటే మనం 5 గంటల 30 నిమిషాలు కలుపుకోవాలి. అప్పుడది మార్చి 19, రాత్రి 12:40. తేదీయే మారింది! ఇక ఆ వేళకి సెంటర్ తాళాలు ఎవరి దగ్గరున్నాయి, దూరం నుంచి కంప్యూటర్ నడిపించే ఎనీడెస్క్ లాంటి సాఫ్ట్‌వేర్ ఏమైనా నడుస్తోందా అన్నవి అసలు ప్రశ్నలు. అదే ఫ్యాట్32 అనే ఇంకో పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్ అయితే స్థానిక సమయమే రాస్తుంది, దానికీ 5:30 కలిపారంటే కేసు ఇంకో దారి పడుతుంది.

ఇదంతా సిస్టమ్ గడియారం సరిగ్గా ఉంటేనే. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయిన పాత సిస్టమ్, నెట్ కూడా లేకపోతే, ఏళ్లు వెనక్కి పోతుంది. అందుకే సీజ్ చేసినప్పుడు అది ఎంత చూపించింది, అసలు టైమ్ ఎంత అన్నది పంచనామాలో రాశారా అని నేనైతే మొదట అదే వెతుకుతాను. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద, కంప్యూటర్ సాక్ష్యంతో పాటు ఇచ్చే సర్టిఫికెట్ ఉందిగా అంటారు కొందరు. ఉండాల్సిందే, కానీ కీబోర్డు ముందు ఎవరు కూర్చున్నారో అందులో ఉండదు.

ఈ లెక్కలు తీసే సాఫ్ట్‌వేర్ టూల్‌నీ గుడ్డిగా నమ్మొద్దు. 2011లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక హత్య కేసులో, క్లోరోఫామ్ (మత్తు మందు) గురించిన వెబ్ పేజీని 84 సార్లు చూశారని ఒక టూల్ లెక్కని బట్టి కోర్టులో చెప్పారు. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన మనిషే మళ్లీ లెక్క చూస్తే తేలింది ఒక్కసారే, ఆ 84 మైస్పేస్ అనే సోషల్ మీడియా సైట్‌ది. రెండో టూల్‌తో సరిచూశారా అని అడగడం మరవొద్దు.

ఇంటిపని: ఒక పాత ఫైల్‌ని వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసి ప్రాపర్టీస్ తెరవండి. మార్చిన తేదీ కంటే తయారైన తేదీ కొత్తగా కనిపిస్తుంది, అది కాపీ గుర్తు, దాన్ని చూసి ట్యాంపరింగ్ అని అరవకండి. తర్వాత టైమ్ జోన్ లండన్‌కి మార్చి, డిస్క్‌లోనూ ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోనూ ఏది కదిలిందో, ఏది కదల్లేదో రాసుకోండి. వచ్చే భాగంలో ఐపీ అడ్రస్.