ఫైల్ ఎర్రర్ చూసి కోడ్ మీద చెయ్యి వేసే ముందు

తిరుపతి లాడ్జీల బుకింగ్ సైట్లు చూసుకునే మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకి ఈ జాగ్రత్తలు.

"నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అనగానే ఫైల్ పోయిందని టెన్షన్ పడకండి. లినక్స్‌లో ఎల్ఎస్ (ఫైళ్ల జాబితా చూపే కమాండ్) కొడితే స్క్రిప్ట్ కళ్లెదుటే ఉంటుంది, పైథాన్ సబ్‌ప్రాసెస్‌తో నడిపితే మాత్రం లేదంటుంది. నిజానికి దొరకనిది దాని మొదటి లైన్లో రాసిన, స్క్రిప్ట్‌ని నడిపే ప్రోగ్రామ్ అయిన ఇంటర్‌ప్రెటర్. విండోస్‌లో సేవ్ చేసిన ఫైల్ అయితే ఆ లైన్ చివర కనబడని క్యారేజ్ రిటర్న్ (విండోస్ లైన్ చివర పెట్టే అదనపు గుర్తు) ఉంటుంది. కెర్నల్ దాన్ని కూడా పేరులో భాగమనే అనుకుంటుంది. కనబడని గుర్తుల్ని కూడా చూపే "క్యాట్ -ఏ" (cat -A, పెద్దక్షరం) కొట్టండి. డాలర్ గుర్తుకి ముందు "^ఎం" కనిపించిందా, దొంగ దొరికినట్టే. అదే స్క్రిప్ట్‌ని టెర్మినల్లో నడిపి చూడండి, బాష్ కాస్త నయం, తప్పు ఎక్కడుందో సూచిస్తుంది.

"నో స్పేస్ లెఫ్ట్" వస్తే ఖాళీ జాగా చూపే "డీఎఫ్ -హెచ్"తో ఆగిపోవద్దు, ఐనోడ్‌లు (ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున కావాల్సిన నమోదులు) ఎన్ని మిగిలాయో చూపే "డీఎఫ్ -ఐ" కూడా చూడండి. చిన్న చిన్న సెషన్ ఫైళ్లు పేరుకుపోయి ఐనోడ్‌లు అయిపోతే, జీబీలకి జీబీలు ఖాళీ ఉన్నా కొత్త ఫైల్ పుట్టదు. ఫైళ్లలో మార్పుల్ని గమనించే ప్రోగ్రాములకి (ఫైల్ వాచర్లు) లినక్స్ పెట్టే ఐనోటిఫై పరిమితి దాటినా ఇదే ఎర్రర్.

"పర్మిషన్ డినైడ్"కి 777 (అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేయడం) మందు కాదు. విండోస్‌లో పైథాన్ ఓపెన్‌కి ఫోల్డర్ పాత్ ఇచ్చినా ఇదే ఎర్రర్.

సీ కోడ్‌లో ఎర్ర్‌నో (చివరి ఎర్రర్ నంబర్) విలువని వెంటనే వేరే వేరియబుల్లో దాచుకోండి, మధ్యలో వచ్చే ప్రింట్ దాన్ని మార్చేయొచ్చు.

వైకుంఠ ఏకాదశి వారంలో ఇవేవీ లైవ్ సర్వర్ మీద ప్రయత్నించొద్దు. లాడ్జీవాళ్ల ఫోన్లు ఎత్తలేం.